గండికోటను పొద్దున చూడండి, రాత్రి ఇంకోచోట పడుకోండి

ప్రశ్న:

అన్నా, మాది ప్రొద్దుటూరు. నేను బడిలో టీచర్‌ని. టెంట్‌లో పడుకుని నక్షత్రాలు చూడాలని మా పిల్లలు ఏడాదిగా అడుగుతుంటే డిసెంబర్‌లో ఒక శనివారం గండికోటకు తీసుకుపోయాం. పాపకు పదేళ్లు, బాబుకు ఏడు. అక్కడ టెంట్‌కూ టెంట్‌కూ మధ్య జానెడు సందు లేదు. పక్కవాళ్ల తాడు కాలికి తగిలి బాబు రెండుసార్లు పడ్డాడు. రాత్రి ఒంటిగంట దాకా స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. ఆ లైట్ల వెలుగులో నాలుగు చుక్కలు కూడా సరిగా కనబడలేదు. బాత్‌రూమ్ దగ్గర క్యూ. చివరికి పిల్లలు ఏడ్చి ఏడ్చి కార్లో పడుకున్నారు. మళ్లీ పోవాలంటే భయం, వాళ్ల కోరిక అలాగే వదిలేయాలన్నా మనసొప్పడం లేదు. మా ఆయన లంకమల అడవిలోకో, అహోబిలం పైకో పోయి టెంట్ వేసుకుందాం అంటున్నారు. మా తమ్ముడేమో పెన్నలో ఇసుక బాగుంది, అదే నయం అంటున్నాడు. మా అత్తమ్మ కూడా వస్తానంటున్నారు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. దగ్గర్లోనే జనం లేని చోటు ఏదైనా చెప్తారా?

– ఒక చెల్లెలు, ప్రొద్దుటూరు

సమాధానం:

చెల్లెమ్మా,

ముందు మీ తమ్ముడి మాట తీసుకుందాం, ఎందుకంటే అది వినడానికి అన్నిటికన్నా బాగుంది, చేస్తే అన్నిటికన్నా ప్రమాదం. పెన్న ఇసుక పొడిగా, మెత్తగా, పరుపు వేసినట్టు ఉంటుంది. మీ ఊరికి పైన మైలవరం డ్యాం ఉంది, దానికి పైన గండికోట రిజర్వాయర్ ఉంది. ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా పైన ఎక్కడో వాన పడితే గేట్లు ఎత్తుతారు. ఆ నీళ్లు టెంట్ దాకా వచ్చినట్టు తెలిసేసరికి గట్టెక్కే టైమ్ ఉండదు. 2021 నవంబర్ 19న మన పక్కనే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు తెల్లవారుజామున ఊళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఇళ్లలో పడుకున్నవాళ్లనే ఆ నీళ్లు బతకనివ్వలేదు. పగలు పిల్లల్ని ఇసుకలో ఆడించండి, పిచ్చుకగూళ్లు కట్టించండి. పొద్దు వాలేసరికి గట్టు మీద ఉండండి.

ఇక మీ ఆయన చెప్పిన అడవి సంగతి. లంకమల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టడమే నేరం, రాత్రి బస మాట అటుంచండి. కాగితం మీద చట్టం ఎవరు చూస్తారులే అనుకోవద్దు. ఎర్రచందనం పెరిగే కొండలవి. రాత్రిళ్లు అటవీ సిబ్బంది, పోలీసులు కూంబింగ్ చేస్తుంటారు. చీకట్లో చెట్ల మధ్య టార్చ్ కదిలితే వాళ్లకు ముందు తట్టేది దొంగలే, టెంట్ వేసుకున్న కుటుంబం కాదు. అలాంటి పరిస్థితిలోకి పిల్లల్ని తీసుకుపోవడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది, అది నాకు చట్టం కన్నా పెద్దది. కలివికోడి పేరు మీరు పిల్లలకు చెప్పే ఉంటారు. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న పక్షి, 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పొదల్లో మళ్లీ దొరికింది. ప్రపంచంలో దాని ఆనవాళ్లు దొరుకుతున్నది మన జిల్లా ముళ్లపొదల్లోనే. అది రాత్రి తిరిగే పక్షి, వెలుగుకూ అలికిడికీ బెదిరిపోతుంది. మనం చుక్కలు చూడ్డానికి పోయి దాని చీకటిని పాడు చేయకూడదు.

అహోబిలం పైన కూడా అంతే. ఎగువ అహోబిలం చుట్టూ ఉన్నది నల్లమల. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే చోట దర్శనానికి పోయినవాళ్లే చీకటి పడకముందే దిగి వస్తారు. మీ ఆయనకు అడవిలోనే ఒక రాత్రి గడపాలని ఉంటే దానికి సక్రమమైన దారి ఉంది. అటవీ శాఖ వాళ్లే నడిపే జంగిల్ క్యాంపులు నల్లమలలో ఉన్నాయి. ఒకటి ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే దారిలో బైర్లూటి, రెండోది నంద్యాల–గిద్దలూరు ఘాట్‌లో పచ్చర్ల. మీకు పచ్చర్ల దగ్గర. బస, భోజనం, సఫారీ అన్నీ వాళ్లే చూస్తారు, ముందుగా బుక్ చేసుకోవాలి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మన దేశంలో విస్తీర్ణంలో అన్నిటికన్నా పెద్దది, దాని పక్కన పడుకుని రాత్రి అడవి చప్పుడు వినడం పిల్లలు పెద్దయినా మర్చిపోరు. కాకపోతే దాని ఖర్చు టెంట్ ఖర్చు కాదు, రిసార్ట్ ఖర్చు అనుకుని బయల్దేరండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పిల్లలు అడిగింది లోయ కాదు, చుక్కలు. గండికోటలో రెండూ ఒకేచోట దొరుకుతాయని మనమంతా అనుకుంటాం కాబట్టి అందరం ఆ బండ మీదికే చేరుతున్నాం. ఆ రెంటినీ విడదీయండి. రాత్రికి చీకటి ఉన్నచోట పడుకోండి, తెల్లవారుజామున లేచి గండికోటకు పోండి. జమ్మలమడుగు నుంచి కోటకు పదిహేను కిలోమీటర్లే కదా. పొద్దు పొడిచే వేళకు రంగనాథస్వామి గుడి దాటి అంచు దగ్గరికి పోతే, ఎర్రమల కొండను పెన్న చీల్చుకున్న చోటు మీ కళ్లెదుటే ఉంటుంది. ఎర్రటి బండలు ముందు నల్లగా, తర్వాత ఇటుక రంగులోకి, ఎండ పడ్డాక కాగిన రాగి రంగులోకి మారతాయి. రాత్రంతా డీజే విన్నవాళ్లు ఆ టైమ్‌కు ఇంకా నిద్రలో ఉంటారు. ఎండెక్కేలోగా మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూపించి బయటపడండి. అంచుకు కంచె లేదు, బాబు చెయ్యి మాత్రం వదలొద్దు.

మరి పడుకునేది ఎక్కడ? నా సలహా, జమ్మలమడుగు, మైలవరం చుట్టుపక్కల ఊళ్లలో తెలిసిన రైతు పొలం. ప్రొద్దుటూరులో టీచర్ అంటున్నారు, మీ స్కూల్లోనే ఆ ఊళ్ల నుంచి వచ్చే టీచర్లో, పిల్లల తల్లిదండ్రులో ఉండకపోరు. పరిచయం అనే ఆ దారం పట్టుకోండి. ఎక్కడో ఖాళీ చేను కనబడింది కదా అని రోడ్డు పక్క కారు ఆపి టెంట్ వేయొద్దు.

ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. మన సీమలో రాత్రిపూట కొత్త మనుషులు గుట్ట దగ్గరో, పాత గుడి దగ్గరో టార్చ్‌లతో తిరిగితే ఊరికి వచ్చే మొదటి అనుమానం గుప్తనిధులు. నిధుల కోసం ఎన్ని గుళ్లలో విగ్రహాలు పెకలించారో, ఎన్ని కోటగోడలు తవ్వారో ఊరివాళ్లకు తెలుసు. మీ దగ్గర టెంట్ మేకులు కొట్టే సుత్తి, చిన్న పార ఉంటే ఇక ఆ అనుమానం బలపడినట్టే. అర్ధరాత్రి పదిమంది కట్టెలతో వచ్చి నిలబడితే తప్పు వాళ్లది కాదు. అందుకే పొద్దుండగానే ఊళ్లోకి పోయి కనబడండి. రైతుతో పాటు ఊరి పెద్ద ఒకరికి, గుడి పూజారికి, టీ అంగడి ఆయనకు కూడా, “పిల్లలకు చుక్కలు చూపిద్దామని వచ్చినాం పెద్దాయనా, ఈ రాత్రికి ఫలానా వాళ్ల తోటలో ఉంటాం” అని ఒక మాట చెప్పండి. టీ అంగట్లో చెప్పిన మాట అరగంటలో ఊరంతా తెలుస్తుంది. అప్పుడు ఊరే మీకు కాపలా. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పినా మంచిదే.

పొలంలో ఎక్కడ వేయాలి అన్నది నెలను బట్టి ఉంటుంది. డిసెంబర్, జనవరిలో నల్లరేగడి చేలల్లో శనగ మొక్క మీద ఉంటుంది. పంట తొక్కకూడదు, రేగడిలో వాన చినుకు పడిందంటే కారు కూడా కదలదు. అప్పుడు తోటలు నయం, చీనీ (బత్తాయి) తోటో మామిడి తోటో, మోటరు షెడ్డు పక్కన గట్టి నేల చూసుకోండి. ఫిబ్రవరిలో శనగ పీకి, నూర్పిడి అయ్యాక కళ్ళం (పంట నూర్చే జాగా) ఖాళీ అవుతుంది. చదునుగా, గట్టిగా, గడ్డి లేకుండా ఉండే కళ్ళం కన్నా మంచి టెంట్ జాగా నాకు తెలీదు. మా చిన్నప్పుడు పంట రాశికి కాపలాగా నాయన కళ్ళంలో పడుకుంటే నేనూ వెంటపడి పోయేవాణ్ణి. ఆ రోజుల్లో క్యాంపింగ్ అనే మాటే తెలీదు.

తోటలో అయితే ఒక జాగ్రత్త, నేను దెబ్బతిని నేర్చుకున్నది. నాలుగేళ్ల కిందట ఒక చీనీ తోటలో చీకటి పడ్డాక టెంట్ వేస్తూ మేకు దిగగొట్టాను. మెత్తగా దిగింది, సంతోషపడ్డాను. తెల్లారి రైతు మోటరు వేయగానే మేకు పక్క నుంచి సన్నగా చిమ్మడం మొదలైంది. డ్రిప్ పైపులోంచి మేకు దించేశాను. పరుపులు తడిసింది పెద్ద విషయం కాదు, ఆయన ఆ చాలుకు నీళ్లు ఆపి, పైపు కోసి, జాయింటర్ వేసేదాకా నేను పక్కన నిలబడి తల దించుకున్నాను. ఆయన ఒక్క మాట అనలేదు, ఇంటికొచ్చి టీ తాగి పొమ్మన్నాడు. అప్పటి నుంచి మేకు కొట్టే ముందు చేత్తో మట్టి గీకి చూస్తాను. మీరూ వెలుతురు ఉండగానే టెంట్ వేసుకోండి.

ఇది అంతకన్నా ముఖ్యం, మీ ఆయనకూ చెప్పండి. అడవిపందుల బెడద ఉన్నచోట కొందరు చేను చుట్టూ తీగ లాగి రాత్రికి కరెంటు ఇస్తారు. అది చట్టవిరుద్ధం, దానివల్ల మనుషులు కూడా చనిపోతున్నారు, అయినా జరుగుతోంది. మీ రైతును, పక్క చేను వాళ్లను సూటిగా అడగండి, “తీగ ఏమన్నా ఉందా అన్నా?” అని. ఉందంటే ఆ చోటు వద్దు. లేదన్నా సరే, చీకటి పడ్డాక పిల్లలు టెంట్ చుట్టూ పది అడుగులు దాటకూడదు. పక్క చేలోకి పోయే పనే లేదు.

పాముల గురించి మీ అత్తమ్మ తప్పకుండా అడుగుతారు. అడగాల్సిందే. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లకు ఎక్కువ ముప్పు కట్లపాముతో. కాటు వేసినా నొప్పి తెలియకపోవచ్చు, వాపు రాకపోవచ్చు. కింద గుడ్డ కలిసి కుట్టి ఉన్న టెంటే తీసుకోండి, జిప్పు లోపలికి పోయినా బయటికి వచ్చినా వెంటనే మూయాలి. తినుబండారాలు టెంట్‌లో పెట్టొద్దు, వాటికి ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి. చెప్పులు లోపలే పెట్టుకోండి, తొడిగే ముందు తిరగేసి తట్టండి, తేళ్లు దూరతాయి. అనుమానం వస్తే కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం ఏదీ వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. ఫోన్‌కు సిగ్నల్ ఉందో లేదో టెంట్ వేయకముందే చూసుకోవాలి.

మంట వేసుకోవాలని పిల్లలకు సరదా ఉంటుంది. రైతు చూపించిన చోట, గడ్డివామికి దూరంగా, చిన్నది వేయండి. జనవరి ఆఖరుకు పోతే పచ్చి శనగ మొక్కలు నాలుగు అడిగి ఆ సెగ మీద కాల్చండి. పొట్టు మాడి, లోపల గింజ పచ్చగా, కొంచెం ఉప్పగా ఉంటుంది. చేతులు, మూతులు మసి అవుతాయి, అవనివ్వండి. పడుకునే ముందు బిందెడు నీళ్లు పోసి, చేత్తో తాకి చల్లారిందని చూసుకోండి.

రైతుకు డబ్బు ఎంత ఇవ్వాలని అడుగుతారేమో. చాలామంది తీసుకోరు, మనం మాత్రం ఊరికే ఉండకూడదు. వాళ్ల దగ్గరే చీనీకాయలో శనగలో కొనండి, రాత్రికి రొట్టెలు, పప్పు చేసిపెట్టమని అడిగి దానికి న్యాయమైన డబ్బు ఇవ్వండి. ముందు రోజే చెప్తే కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె, ఊరిమిండి (రోటి పచ్చడి) దొరుకుతుంది. చెత్త మొత్తం సంచిలో కట్టి ప్రొద్దుటూరుకే తెచ్చుకోండి. పొలంలో వదిలిన ప్లాస్టిక్ కవర్ పశువు కడుపులోకే పోతుంది.

మీ అత్తమ్మ సంగతి. మోకాళ్ల నొప్పులున్న మనిషి టెంట్‌లోకి పాకి పోవడం, నేల మీద నుంచి లేవడం కష్టం, రాత్రి రెండుసార్లు బాత్‌రూమ్‌కు పోవాలంటే ఇంకా కష్టం. మీకూ పాపకూ కూడా బాత్‌రూమ్ అన్నది చిన్న విషయం కాదు. కాబట్టి తోటలో కాకపోతే ఊళ్లోనే, మేడ ఉన్న ఇల్లు అడగండి. కింద గదిలో మంచం, బాత్‌రూమ్ ఆమెకు. మీరు నలుగురూ మిద్దె మీద. ఇదేమీ తక్కువ రకం ఏర్పాటు కాదు. ఫ్యాన్లు, కూలర్లు రాకముందు సీమలో ఎండాకాలం ఇల్లిల్లూ మిద్దె మీదే పడుకునేది. పాత మట్టిమిద్దె అయితే మాత్రం పిల్లల్ని ఎక్కించొద్దు, గవాచి (వెలుతురు కోసం మిద్దెకు వదిలిన కంత) చీకట్లో కనబడదు, పిట్టగోడ ఉండదు. స్లాబు వేసిన, గోడ ఉన్న మిద్దె చూడండి. ఊరి చివరి ఇల్లయితే వీధి దీపం అడ్డం రాదు.

రోజు కూడా చూసుకోవాలి. గండికోటకు బెంగళూరు, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు శనివారం సాయంత్రం దిగి ఆదివారం మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం కడతారు. మీరు ఆదివారం సాయంత్రం పోయి సోమవారం పొద్దున కోట చూడండి. స్కూలుకు ఒక్కరోజు సెలవు పెట్టుకోలేరా? డిసెంబర్ 31, సంక్రాంతి సెలవుల్లో మాత్రం వద్దు. అమావాస్యకు దగ్గరగా ఉన్న ఆదివారమైతే చుక్కలు చాలా కనబడతాయి. చలికాలం చీకటి పడ్డాక తూర్పున ఒకే వరుసలో మూడు చుక్కలు లేస్తాయి. విత్తనం వేసే గొర్రుకు కొయ్యల్లాగా ఉన్నాయని మన పెద్దలు వాటిని గొర్రుకొయ్యలు అన్నారు. వాటికి పైన చిన్న గుంపుగా ముడుచుకుని ఉండేది పిల్లలకోడి. రెంటినీ అత్తమ్మతోనే చూపించండి, ఆమెకు తెలిసే ఉంటాయి. ఆ రాత్రికి ఆమె రావడం ఎంత అవసరమో అప్పుడు పిల్లలకు మీరు చెప్పాల్సిన పని ఉండదు.

తెల్లవారుజామున మంచు కురుస్తుంది, టెంట్ లోపలి గుడ్డ కూడా చెమర్చుతుంది. దుప్పట్లు మనిషికి రెండు, చెవులకు మఫ్లర్లు. దోమలకు వేపనూనె రాసుకోండి, మస్కిటో కాయిల్ మాత్రం టెంట్ లోపల వెలిగించొద్దు.

రైతు దొరికేలోగా ఈ శనివారమే మీ మిద్దె మీద టెంట్ వేసి ఒక రాత్రి పడుకోండి. మేకులు దిగవు కాబట్టి నాలుగు మూలలా ఇటుకలు కట్టి లాగండి. బాబు అర్ధరాత్రి లేచి కిందికి పోదామంటాడో, పాపకు చలేస్తుందో, జిప్పు ఎక్కడ పట్టేస్తుందో అక్కడే తెలిసిపోతుంది. ఊరి వెలుగులో కూడా గొర్రుకొయ్యలు కనబడతాయి.